బంచరాయికి వేసిన తాళం

పోయిన మంగళవారం సాయంత్రం మా కొడుకు బిడ్డ, ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల, బడి సంచి భుజాన ఉండగానే వచ్చి అరుగు మీద కూలబడి, చెప్పులు ఒకదాన్ని అటు ఒకదాన్ని ఇటు విసిరేసింది. ఏమైందని అడిగాను. నా మొహం చూడకుండానే చెప్పింది.

"బాపమ్మా, పార్కుల ఉరుకద్దట. ఉరుకుతె గడ్డి ఖరాబైతదట."

నాకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై నాలుగేళ్లు ఈ చుట్టుపక్కల బడుల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. ఎండలో నిలబడి అరిచి అరిచి నా గొంతు మగవాడి గొంతులా మారిందని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. వినకూడని మాటలు చాలా విన్నాను గాని, పిల్లలు పార్కులో పరుగెత్తకూడదన్న మాట మాత్రం ఇదే మొదటిసారి వినడం. పైగా ఆ పిల్ల ఊరికే పరుగెత్తడానికి పోలేదు. ఇంకో ఇరవై రోజుల్లో కోరుట్లలో ఖో-ఖో పోటీలు ఉన్నాయి, మా బడి ఆడపిల్లలు పన్నెండు మంది పేర్లు ఇచ్చారు. బడి ఆవరణలో కొత్త గదులు కట్టిన తర్వాత అక్కడ ప్రార్థనకు నిలబడడానికే చోటు చాలదు, ఇక ఆట ఎక్కడ ఆడతారు? ఊళ్లో చదునుగా, ఖాళీగా ఉన్న జాగా ఆ పార్కు ఒక్కటే.

మోకాళ్ల నొప్పులని నెల రోజులుగా గడప దాటని దాన్ని, ఆ సాయంత్రం చీర కుచ్చెళ్లు ఎత్తి చెక్కుకుని ఊరి చివరిదాకా నడిచి వెళ్లాను. గేటుకు నా పిడికిలంత తాళం వేలాడుతోంది. పక్కన రంగుల బోర్డు మీద గడ్డిపై నడవరాదు, ఆటలు ఆడరాదు, నిప్పు రాజేయరాదు, వంటలు వండరాదు, పశువులు రారాదు అని వరసగా రాసి ఉంది. ఇన్ని రాదులు పోగా మనిషికి అక్కడ మిగిలిన పని ఏమిటో మాత్రం రాయలేదు. కడ్డీల్లోంచి చూస్తే ఒక సిమెంటు జింక, దాని పక్కన చెట్టు మొద్దులా రంగు వేసిన సిమెంటు బెంచీ, తుప్పు పట్టిన రెండు వ్యాయామపు యంత్రాలు, ఏ పిట్టా వాలని వరస మొక్కలు కనిపించాయి. ఆఫీసర్లు ఫొటోలు దిగడానికి వచ్చినప్పుడు గేటు రెండు రెక్కలూ తెరుచుకుంటాయి, తతిమ్మా రోజుల్లో పొద్దున ఒక గంట మాత్రం, అదీ చుట్టూ నడవడానికి.

తాళపు చెవి కొంగుకు ముడేసుకుని లోపల కలుపు తీస్తున్న మనిషి నన్ను చూసి లేచి వచ్చింది. ఆమె నా శిష్యురాలే, నేను తయారుచేసిన మొదటి జట్టులో పిల్ల. భర్త పోయాక రోజు కూలి మీద ఈ పార్కు చూసుకుంటోంది. ఎందుకు తరిమావే నా మనుమరాలిని అని గేటుకు ఇవతల నుంచే గట్టిగా నిలదీశాను. ఆమె నొచ్చుకోలేదు, తల దించుకుని తన పని ఎలాంటిదో చెప్పుకుంది. ఎవరో గడ్డి ఫొటో తీసి పైకి పంపితే పోయిన నెల ఆమెకు మాట వచ్చిందట, ఇంకోసారి జరిగితే పనిలోంచి తీసేస్తామన్నారట. అయినా నేను ఊరుకోలేదు, ఈ జాగా ఎవరిది, ఎవడు చెప్పాడు తాళం వేయమని అంటూ ఊరంతా వినేలా అరిచాను. అప్పుడు ఆమె తలెత్తి మెల్లగా అంది.

"మీరే గద టీచరమ్మా మొదలు దస్కతు వెట్టింది. మీ ఎన్కనే మేమందరం వెట్టినం."

గేటు కడ్డీలు వదిలి ఇంటిదారి పట్టాను. మొదటి సంతకం నాదే అన్నది నిజం, ఆ నిజం మింగుడుపడక ఇదంతా రాస్తున్నాను.

నా ఈడువాళ్లకు బంచరాయి అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. వాళ్ల మనుమలకే చెప్పాలి. ఊరందరి పశువులూ మేయడానికి ఏ ఒక్కరి పేరా లేకుండా వదిలిన నేల అది. కొడిమ్యాల నుంచి మా ఊరికి వచ్చే దారిలో, గుట్ట వాలు దిగిన చోట, ఒక అంచున మోదుగులు, రేల చెట్లు, ఇంకో అంచున తాటి చెట్లు, నడుమ ఎర్రటి మొరం నేల. వాన కురిసి వెలిసిన గంటకే నీళ్లు ఇంకిపోయి కాళ్లకు బురద అంటకుండా గట్టిగా తయారయ్యేది. ఆకాశం తేటగా ఉన్న రోజున అక్కడ నిలబడితే కొండగట్టు వైపు గుట్టల వరస కనబడేది. దాన్ని మేము పార్కు అనలేదు, ఆటస్థలం అని కూడా అనలేదు, బంచరాయికి పోతున్నాం అంటే చాలు, ఏం చేయడానికని ఎవరూ అడిగేవారు కారు. మధ్యాహ్నం పశువుల కాపరులు గిల్లీ దండ ఆడేవారు, సాయంత్రం ముసలివాళ్లు పులిజూదం గీసుకునేవారు, పండుగ రోజుల్లో కోడళ్లు మోదుగు కొమ్మలకు ఉయ్యాల కట్టేవారు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో బడిలో ఆడపిల్లలకు ఆటల పీరియడు అంటే గోడ నీడన కూర్చుని పూలు అల్లడమే. నేను వాళ్లను బంచరాయికి తీసుకుపోయి ఖో-ఖో నేర్పడం మొదలుపెట్టాను. ఆ ఆటకు రెండు స్తంభాలు కావాలి కదా. మా ఇంటి వెనక ఉండే కల్లు గీసే మామ, గాలివానకు పడిన తాటి చెట్టును రెండు ముక్కలు నరికించి తెచ్చి పాతాడు. తాటి మొద్దుకు ఈనెలు లేస్తాయి, పట్టుకుంటే అరచేతిలో దిగుతాయి. అందుకని ఆయన తన గీత కత్తితో రెండు రోజులు కూర్చుని గీకి గీకి, నూనె గుడ్డతో రుద్ది, తన చెంప ఆనించి చూసుకుని గాని పిల్లలను తాకనివ్వలేదు.

ఆ తర్వాత బట్టల సంగతి వచ్చింది. పిల్లలు లంగాలతో పరుగెత్తలేక బోర్లా పడుతుంటే, మా ఊరి దర్జీ చాచా అది చూసి, మోకాలి కిందికి పిక్కల దాకా వచ్చే పైజామాలు కుడతానని తనంతట తానే అన్నాడు. ఆడపిల్లల కొలతలు ఆయన తీయకూడదు కాబట్టి, ఆయన భార్య ఇల్లిల్లూ తిరిగి ఒక్కో పిల్లకు ఒక్కో దారం పెట్టి, నడుముకు ఒక ముడి, పిక్కకు ఒక ముడి వేసుకుని పన్నెండు దారాలు తెచ్చి ఇచ్చింది. సిరిసిల్ల నుంచి తెప్పించిన నీలం గుడ్డతో పన్నెండు పైజామాలు తయారయ్యాయి, ఒక్కటి కూడా బిగుతు కాలేదు, వదులు కాలేదు. అవి చూసే ఊళ్లో తండ్రులు మండిపడ్డారు. పైజామాలు తొడిగి బయట ఉరికితే రేపు పెళ్లిళ్లు ఎట్లా అని బడి ముందుకొచ్చి నా మీద కేకలు వేశారు. పన్నెండు మందిలో తొమ్మిది మందిని ఆపేశారు.

మిగిలిన ముగ్గురితో ఏం ఆడిస్తాను? బదిలీ పెట్టుకుని పోదామనే అనుకున్నాను. అంతలో ఊరు వంటలకు పోయే రోజు వచ్చింది. నాట్లు అయిపోయాక, ఒక మంచి రోజు చూసుకుని, ఊరు ఊరంతా పొద్దున్నే ఇళ్లకు గొళ్లాలు పెట్టి బంచరాయికి తరలిపోవడం మా వైపు ఆచారం. ఒక్కో ఇంటికి మూడు రాళ్ల పొయ్యి, పొద్దు వాలేదాకా అక్కడే వంట, అక్కడే తిండి, అక్కడే ఆట. ఆ ఒక్క రోజు కోడలికి అత్త పని చెప్పకూడదు. దర్జీ చాచా ఇంటివాళ్లు కూడా తమ పొయ్యి పక్కనే పెట్టుకునేవారు, వాళ్ల గిన్నెలోంచి మాకు, మా గిన్నెలోంచి వాళ్లకు గరిటెలు తిరిగేవి.

ఆ రోజు భోజనాలయ్యాక, నా మేనత్త, తర్వాత నాకు అత్తగారు కూడా ఆవిడే, ఆ తాటి స్తంభాలు ఎందుకు పాతారని అడిగింది. చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనకుండా కొంగు నడుముకు చుట్టింది. ఆ తరం ఆడవాళ్లు గోచీ పోసి చీర కట్టేవారు కదా, పరుగుకు అడ్డం వచ్చేదేమీ లేదు. చూస్తుండగానే ఎనిమిది మంది ముసలమ్మలు వరసగా గొంతుకూర్చున్నారు. మా అత్త తొమ్మిదోది. ఎవరి వీపు తట్టాలో తెలియక అందరి వీపులూ తడుతూ, ఖో అనమంటే కేక పెడుతూ, ఆ బంచరాయి అదిరేటట్టు ఉరికారు. మగవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. ఆట ఆగాక మా అత్త రొప్పుతూ, ఆ నవ్వుతున్న వాళ్ల ముందుకే పోయి నిలబడింది.

"ముసల్దాన్ని నేనే ఉరికిన. పోరిలు ఉరుకుతె మీకేమైతాంది?"

మరునాడు పన్నెండు మంది పిల్లలూ నీలం పైజామాలు తొడుక్కుని బంచరాయికి వచ్చారు.

ఆ పిల్లల్లో అందరికన్నా చిన్నది, కాళ్లకు చెప్పులు కూడా లేనిది, ఇవాళ పార్కుకు తాళం వేస్తున్న మనిషి. అది పరుగెత్తుతుంటే ఎటు తిరుగుతుందో దానికే తెలియదని నేను తిట్టేదాన్ని, నిజానికి దాని కిటుకే అది. కోరుట్లలో గెలిచాం. సిరిసిల్లలో ఒక్క ఆటతో ఓడి, అక్కడి బస్టాండులో మిర్చి బజ్జీలు తింటూ పన్నెండు మందీ ఏడ్చారు, ఏడుస్తూనే మళ్లీ ఇంకో పొట్లం కట్టించుకున్నారు. జగిత్యాలలో మాత్రం దాన్ని ఏ జట్టూ ముట్టుకోలేకపోయింది. తరిమే పిల్లలే అలసిపోయి నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. అది తాటి స్తంభానికి అలవాటు పడ్డ పిల్ల, అక్కడి నున్నటి స్తంభాన్ని తడిమి చూసి, మన మొద్దే బాగుంది టీచరమ్మా అని నా చెవిలో చెప్పింది. ఆ జట్టు తర్వాత ఎన్నో జట్లు వచ్చాయి, నేను రిటైరయ్యాక కూడా సాయంత్రం పూట వెళ్లి ఆడిస్తూనే వచ్చాను.

ఇక నా తప్పు చెప్పాలి. ఏడెనిమిదేళ్ల కింద బంచరాయిలో తాగుబోతులు చేరడం మొదలైంది. సీసాలు తాగి అక్కడే పగలగొట్టి పోయేవారు. ఒక సాయంత్రం ఒక పిల్ల అరికాలు రెండుగా చీలింది, రాత్రికి రాత్రే జగిత్యాల తీసుకుపోయి కుట్లు వేయించాం. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. గ్రామసభలో లేచి, ఆ జాగాకు కంచె కావాలని పట్టుబట్టాను. నేను అడిగింది ముళ్ల తీగ కంచె, అంతే.

మా దగ్గర గ్రామసభ ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకు మిగతాది చెప్పకుండానే తెలిసిపోతుంది. మాటలు ఇంకా నడుస్తుండగానే చాయ్ వస్తుంది, చాయ్‌తో పాటే తీర్మానాల పుస్తకం వస్తుంది. పాలు పిండే వేళకు ఇళ్లు చేరాలి కదా అని అందరూ ఖాళీ కాగితం కింద దస్కతులు పెట్టి లేచిపోతారు, పైన రాసేది ఆ తర్వాత తీరికగా ఎవరో రాస్తారు. ఏళ్ల తరబడి అదే పద్ధతి, హాజరుకే కదా అని ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు పెద్దమనిషిని అని పుస్తకం మొదట నా చేతికే ఇచ్చారు. ఈల ఊదకముందే కదిలితే ఫౌలు అని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పిన దాన్ని, ఒక్క అక్షరం లేని కాగితం మీద గుండ్రంగా, అందంగా, మొట్టమొదటి దస్కతు పెట్టాను. నా శిష్యురాళ్లు, అప్పటికి వాళ్లూ అత్తలైపోయారు, టీచరమ్మ పెట్టింది అని నా వెనకాలే వరసగా పెట్టారు.

రెండు నెలలకు యంత్రం వచ్చింది. మోదుగులు, రేల చెట్లు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. మొరం గీకి, ఎక్కడి నుంచో నల్లమట్టి తెచ్చి పోశారు, గడ్డి పరిచారు, పేరు తెలియని మొక్కలు తాళ్లు పట్టి గీసినట్టు వరసల్లో నాటారు. నేను అడ్డం పడితే, గ్రామస్థులందరూ ఏకగ్రీవంగా పార్కు కోరారని తీర్మానం చూపించారు. నా పేరే పైన ఉంది. కల్లు గీసే మామ అప్పటికే పోయాడు, ఒకందుకు అదే మంచిదయింది. ఆయన చెంప ఆనించి చూసిన మొద్దుల్లో ఒకటి ఏమైందో ఇప్పటికీ తెలియదు, రెండోది నీళ్ల మోటరు గది ముందు మెట్టుగా వేశారు. అసలు మొద్దును కాళ్ల కింద వేసి, సిమెంటును మొద్దులా చేసి రంగు పూసి కూర్చోమంటారు. ఆ సిమెంటు బెంచీ మీద నేను ఇవాళ్టికీ కూర్చోలేదు, కూర్చోను.

వంటలకు పోవడం కూడా ఆ ఏడుతోనే తెగిపోయింది. నిప్పు రాజేయరాదు కదా. కొందరు ఆటోలు మాట్లాడుకుని కొండగట్టు పోతున్నారు, కొందరు మిద్దెల మీద వండుకుంటున్నారు, కొందరు జగిత్యాల నుంచి బిర్యానీ తెప్పించుకుని తలుపులు వేసుకుని తింటున్నారు. ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో పక్కింటికి తెలియదు. ఒక ఊరికి ఏడాదికి ఒక్క రోజు దొరికే ఆటను కూడా బోర్డు మీద రాసి ఆపగలరని నేను ఎన్నడూ అనుకోలేదు.

మొన్న శుక్రవారం మళ్లీ గ్రామసభ పెట్టారు. మనుమరాలినీ, జట్టు పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్లాను. పోటీలయ్యేదాకా సాయంత్రం రెండు గంటలు గేటు తెరవాలి, జింక ముందరి జాగాలో గడ్డి తీసేసి పిల్లలకు ఆట గీతలు గీయాలి, ఏడాదికి ఒక రోజు వంటలకు ఒప్పుకోవాలి అని మూడే అడిగాను. వచ్చిన ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్థుడు, చూద్దాం మేడం, చూద్దాం మేడం అని ప్రతి మాటకూ తల ఊపాడు. ఇంతలో చాయ్ వచ్చింది, దాంతో పాటే పుస్తకం నా చేతికి వచ్చింది, ఎప్పటిలాగే ఖాళీ కాగితం. నేను కలం మూత పెట్టేశాను.

"ముందుగాల రాయుండ్రి. రాసింది సదివి ఇనిపియ్యిండ్రి. గప్పుడు పెడ్త."

పుస్తకం నా పక్కావిడకు ఇచ్చాను. ఆమె తన పక్కావిడకు ఇచ్చింది. అలా నా శిష్యురాళ్ల వరసంతా దాటి, దర్జీ చాచా కొడుకు చేతిలోంచి కూడా దాటి, చివరిదాకా వెళ్లి, ఎలా పోయిందో అలాగే తిరిగి వచ్చింది. చాయ్ చల్లారిపోయింది గాని ఎవరూ లేవలేదు. ఆ చిన్నవాడు కాసేపు గడియారం చూసుకుని, పార్కు నియమాలు మార్చడం తన చేతుల్లో లేదని, పైవాళ్లకు రాస్తానని చెప్పి, సభ వాయిదా వేసి పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. గెలిచామా ఓడామా నాకే తెలియలేదు. పిల్లలు మాత్రం నా మొహంలోకి చూశారు. వాళ్లకు తీర్మానాలతో పనేముంది, రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

నిన్న సాయంత్రం ఇక రోడ్డు మీదనైనా సరే ఆడిద్దామని పాత ఈల మెడలో వేసుకుని పిల్లలను తీసుకుని బయల్దేరాను. పార్కు దగ్గరికి వచ్చేసరికి గేటు తాళం తెరుచుకుని గొళ్లానికి వేలాడుతోంది. నా శిష్యురాలు దూరంగా, మాకు వీపు పెట్టి కూర్చుని, కలుపే లేని చోట కలుపు తీస్తోంది. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె తల తిప్పలేదు.

"తాళం ఏసుడు మర్సిపోయిన టీచరమ్మా. ఆరు గొట్టంగ యాదికత్తది."

పిల్లలు సిమెంటు జింకను ఒక స్తంభం అనుకున్నారు, సిమెంటు మొద్దును ఇంకో స్తంభం అనుకున్నారు, ఎనిమిది మంది గొంతుకూర్చున్నారు, నా మనుమరాలు తొమ్మిదోది. నేను ఈల ఊదాను. ఊరు ఊరంతా కదలి వచ్చినా నిన్ను ఎవరు రమ్మన్నారని అడగని నేల అది. నాకు సంతోషం కలగాల్సింది, కోపమే వచ్చింది, ఇది రాస్తున్నప్పుడు కూడా చల్లారలేదు. ఆ నేల మీద నేడు పన్నెండు మంది పిల్లలు కాసేపు పరుగెత్తాలంటే, ఒకప్పుడు జగిత్యాలలో ఎవరి చేతికీ దొరకని మనిషి, కూలి పోతుందన్న భయంతో, మతిమరుపు వచ్చినట్టు నటించాలి.

ఆరు కొట్టింది. ఆమె లేచి గేటు దగ్గరికి వచ్చి, తాళం చేతిలో పట్టుకుని, పొమ్మని మాత్రం అనలేక నిలబడింది. ఆ మాట ఆమె నోట అనిపించడం ఇష్టం లేక, నేనే ఈల ఊది పిల్లలను బయటికి తీసుకొచ్చాను.